ఇంక్ హెచ్చరికల వెంటపడి: రెండు ఇంటి ప్రింటర్ల డైరీ

శనివారం ఉదయం

బల్ల మీద రెండు ప్రింటర్లు ఉన్నాయి. ఒకటి మాది. నలుపుకి ఒక కార్ట్రిడ్జ్, మూడు రంగులకీ కలిపి ఇంకొకటి, మొత్తం రెండే పట్టే చిన్న మిషన్. రెండోది అక్క వాళ్లది. అందులో నలుపు, సయాన్ (ఒక రకం నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు నాలుగూ విడివిడి ట్యాంకులు. రెండూ ఇంక్‌జెట్లే, రెండూ ఇంక్ గురించే ఫిర్యాదు చేస్తున్నాయి. లోపల మాత్రం రెండింటి ఏర్పాటూ వేరు. అందుకే ఒకదానికి పనికొచ్చిన సలహా రెండోదానికి పనికి రాదు.

ఈ పని పెట్టుకోవడానికి కారణం ఉంది. ఇంక్ హెచ్చరిక కనబడగానే చాలామంది కొత్త కార్ట్రిడ్జ్ కొనేస్తారు. పాతదాంట్లో ఇంకా ఇంక్ ఉందా, అసలు ఆ హెచ్చరిక ఇంక్ గురించేనా అని చూడరు. బాగున్న కార్ట్రిడ్జ్ చెత్తలోకి పోతుంది, కొత్తది పెట్టినా అదే మెసేజ్ వస్తుంది, చివరికి ప్రింటరే పాడైందని పక్కన పెట్టేస్తారు. అక్క కూడా అదే మాట అంది: "ఇంక పారేద్దాంరా తమ్ముడూ, దీంతో రోజూ టెన్షనే." నాకు ఇవ్వు, ఏముందో చూస్తాను అన్నాను.

ఏ మూతా తెరవకముందే, తెర మీదున్న మాటల్ని ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసుకున్నాను. ఒకసారి పవర్ తీసి పెడితే కొన్ని మెసేజ్‌లు మాయమవుతాయి. మళ్లీ ఎప్పుడొస్తాయో చెప్పలేం. తెర లేని ప్రింటరైతే ఏ లైటు నిలకడగా వెలుగుతోంది, ఏది ఆరి వెలుగుతోంది, ఏ వరసలో అన్నది రాసుకోవాలి. ఆ వరసకి అర్థం ఆ మోడల్ మాన్యువల్లో ఉంటుంది. కోడ్ నంబరు కనిపిస్తే ఇంకా మంచిది.

నాకు దొరికినవి ఇవి. మా ప్రింటర్లో కలర్ కార్ట్రిడ్జ్‌కి "ఇంక్ తక్కువగా ఉంది" అని, బ్లాక్ కార్ట్రిడ్జ్‌కి "కార్ట్రిడ్జ్‌లో సమస్య ఉంది" అని. రెండోది ఎప్పుడూ ఉండదు, వచ్చి పోతూ ఉంటుంది. అక్క వాళ్లదాంట్లో సయాన్‌ని "గుర్తించలేకపోతున్నాం" అని, మెజెంటాకి "ఈ కార్ట్రిడ్జ్‌ని ఈ ప్రింటర్లో వాడలేరు" అని.

నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఇవి మూడు వేర్వేరు సంగతులని తెలుస్తుంది. ఇంక్ ఎంత మిగిలిందో ప్రింటర్ వేసుకున్న లెక్క ఒకటి. కార్ట్రిడ్జ్‌కీ ప్రింటర్‌కీ మధ్య విద్యుత్ కనెక్షన్ సరిగ్గా కలవకపోవడం రెండోది. కనెక్షన్ కలిసినా ఈ కార్ట్రిడ్జ్‌ని వాడనివ్వను అని సాఫ్ట్‌వేర్ అడ్డుపడటం మూడోది. లెక్క, కనెక్షన్, అనుమతి. ఏ మెసేజ్ ఏ రకమో ముందు తేల్చుకోకుండా ఏం చేసినా గుడ్డిగా చేసినట్టే. కనెక్షన్ సమస్యకి కొత్త ఇంక్ కొన్నా, అనుమతి సమస్యకి కార్ట్రిడ్జ్‌ని ఎంత తుడిచినా ప్రయోజనం ఉండదు.

శనివారం మధ్యాహ్నం

ముందుగా మా ప్రింటర్ కలర్ కార్ట్రిడ్జ్ సంగతి.

ఇలాంటి ప్రింటర్లలో చాలావాటికి కార్ట్రిడ్జ్ లోపల ఎంత ఇంక్ ఉందో కొలిచే సాధనమే ఉండదు. లోపల ఇంక్ ఒక స్పాంజిలో పీల్చుకుని ఉంటుంది కాబట్టి బయటినుంచి చూసినా తెలియదు. ప్రింటర్ చేసేది చుక్కల్ని లెక్కపెట్టడం. నాజిల్ నుంచి, అంటే ఇంక్ చిమ్మే అతి సన్నని రంధ్రం నుంచి, పడే ఒక్కో చుక్క పరిమాణం పికోలీటర్లలో ఉంటుంది. పికోలీటరంటే లీటరులో లక్ష కోట్ల వంతు. ఎన్ని చుక్కలు వేశానో ప్రింటర్‌కి తెలుసు, చుక్కకి సగటున ఎంత ఇంక్ పడుతుందో కంపెనీ ముందే లెక్క ఇచ్చి ఉంటుంది. రెండూ గుణించి, నిండు కార్ట్రిడ్జ్‌లోంచి తీసేసి, ఇంత మిగిలింది అని చూపిస్తుంది. హెడ్ (నాజిళ్లుండే భాగం) క్లీనింగ్ చేసినప్పుడు పోయే ఇంక్‌ని కూడా ఈ లెక్కలోంచే తీసేస్తుంది.

అందరికీ ఇదే పద్ధతి కాదు. కెనాన్ విడి ట్యాంకుల్లో కొన్నిటికి అడుగున చిన్న పట్టకం ఉంటుంది. ఇంక్ అయిపోతే దాని మీద పడ్డ కాంతి తిరిగి సెన్సర్‌కి చేరుతుంది, ఆ గుర్తుతో ట్యాంకు ఖాళీ అవుతోందని తెలుసుకుంటుంది. పైన పోసుకునే పెద్ద ఇంక్ ట్యాంకుల ప్రింటర్లయితే గీత చూసి మనమే చెప్పేయొచ్చు. మా ప్రింటర్ ఈ రెండు రకాలకీ చెందదు. కాబట్టి "ఇంక్ తక్కువగా ఉంది" అంటే "నా లెక్క ప్రకారం తక్కువగా ఉండాలి" అని చదువుకోవాలి.

ప్రింటర్ మెనూలోంచి నాజిల్ చెక్ పేజీ తీశాను. మూడు రంగుల గీతలూ తెగకుండా, పాలిపోకుండా వచ్చాయి. ఇంక్ ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయినా ఎంత ఉందో చూడాలనిపించి, గ్రాములో పదో వంతు కూడా చూపించే చిన్న తూకం మీద కార్ట్రిడ్జ్‌ని పెట్టి బరువు రాసుకున్నాను. ఇంక్ ఒక మిల్లీలీటరు ఇంచుమించు ఒక గ్రాము తూగుతుంది. ఇలా తూచుకుంటూ పోతే ప్రింటర్ చెప్పే శాతాన్ని అసలు ఖర్చుతో పోల్చి చూడొచ్చు. తూకం మీద మాత్రం ఎక్కువసేపు ఉంచకూడదు. కార్ట్రిడ్జ్ బయట ఉంటే నాజిల్ కొనల దగ్గర ఇంక్ ఆరిపోతుంది. అరగంట దాటకుండా లోపల పెట్టేయమని తయారీదారుల సూచనల్లో కనిపిస్తుంది, నేను తూచిన వెంటనే పెట్టేశాను.

మరి ఇంక్ ఉన్నప్పుడే ప్రింటర్ ఎందుకు హెచ్చరిస్తుంది? కొంత వ్యాపారం ఉండొచ్చు, కానీ సాంకేతిక కారణం కూడా ఒకటి గట్టిగానే ఉంది. హెచ్‌పీ, కెనాన్ ఇంటి ప్రింటర్లలో ఎక్కువ భాగం వేడితో పనిచేసేవి. నాజిల్ వెనక ఉన్న అతి చిన్న హీటర్ ఒక్క క్షణం వేడెక్కుతుంది, అక్కడి ఇంక్ ఆవిరై బుడగ కడుతుంది, ఆ బుడగ ముందున్న ఇంక్‌ని బయటికి నెడుతుంది. 1977లో కెనాన్ పరిశోధనశాలలో, వేడిగా ఉన్న సోల్డరింగ్ ఐరన్ ఇంక్ నింపిన సిరంజి సూదికి తగిలి ఇంక్ బయటికి చిమ్మినప్పుడు ఈ ఆలోచన పుట్టింది. ఇలాంటి హెడ్‌ని చల్లబరిచేది దాంట్లోంచి పారే ఇంకే. పూర్తిగా ఎండిపోయిన కార్ట్రిడ్జ్‌తో పేజీల మీద పేజీలు కొడితే ఆ హీటర్లు కాలిపోతాయి. ఎప్సన్, బ్రదర్ ప్రింటర్లలో వేడి ఉండదు, విద్యుత్ తగిలితే ఆకారం మారే పియెజో స్ఫటికం కదిలి ఇంక్‌ని నెడుతుంది. కానీ హెడ్ ప్రింటర్లోనే స్థిరంగా ఉండిపోతుంది కాబట్టి, ట్యాంకు ఖాళీ అయ్యి గాలి లోపలికి వెళ్తే దాన్ని బయటికి లాగడానికి చాలా ఇంక్ వృథా అవుతుంది. అందుకే ట్యాంకులో కొంచెం మిగిలి ఉండగానే ఆపేస్తారు.

ఈ కారణం నిజమైనదే. కాకపోతే అది "అయిపోయింది" అన్న మెసేజ్‌కి వర్తిస్తుంది, "తక్కువగా ఉంది" అన్నదానికి కాదు. తక్కువ అన్నప్పుడు చేయాల్సింది, ఇంకో కార్ట్రిడ్జ్ దగ్గర ఉంచుకుని, పాతదాంతోనే ప్రింట్ చేస్తూ పోవడం. మా కలర్ కార్ట్రిడ్జ్‌ని అలాగే వదిలేశాను. గీతలు పడేదాకా మార్చేది లేదు.

పెట్టె మీద రాసే పేజీల సంఖ్య గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కలర్ ఇంక్‌జెట్ కార్ట్రిడ్జ్‌లకి ఆ సంఖ్యని ఐఎస్ఓ/ఐఈసీ 24711 అనే ప్రమాణం ప్రకారం తేలుస్తారు, పరీక్ష పేజీలు 24712లో ఉంటాయి. ఆ పరీక్షలో ప్రింటర్ దాదాపు ఆగకుండా పేజీలు తీస్తూనే ఉంటుంది. ఇంట్లో మనం వారానికోసారి రెండు పేజీలు తీస్తాం. మధ్యలో ప్రింటర్ లేచిన ప్రతిసారీ హెడ్‌ని శుభ్రం చేసుకోవడానికి ఇంక్ వదులుతుంది. అందుకే ఇంట్లో అన్ని పేజీలు రావు, కార్ట్రిడ్జ్ లోపమూ కాదు. ప్రింటర్‌ని గోడ స్విచ్‌తో కాకుండా దాని బటన్‌తోనే ఆపమని చెప్పేది కూడా ఇందుకే. బటన్‌తో ఆపితే హెడ్ దాని చోటికి వెళ్లి రబ్బరు మూత కింద కూర్చుంటుంది. స్విచ్ తీసేస్తే ఎక్కడున్నది అక్కడే ఆగిపోయి నాజిళ్లు ఆరిపోతాయి, తర్వాత వాటిని శుభ్రం చేయడానికి మళ్లీ ఇంకే ఖర్చవుతుంది.

శనివారం సాయంత్రం

బ్లాక్ కార్ట్రిడ్జ్, "సమస్య ఉంది" అన్నది. వచ్చి పోయే మెసేజ్ అంటే నా అనుమానం ముందు కనెక్షన్ మీదే. ఇంక్ ఒక రోజు అయిపోయి మర్నాడు తిరిగి రాదు కదా. అనుమతి లేని కార్ట్రిడ్జ్‌కి మధ్యమధ్యలో అనుమతి దొరకదు. వదులుగా తగులుతున్న చోటే ఇలా ఉంటుంది.

ముందు తేలిక పనులు. కార్ట్రిడ్జ్ మీదున్న నంబరు ఈ మోడల్‌కి సరిపోయేదేనా అని మూత లోపల అంటించిన స్టిక్కర్‌తో పోల్చాను. సరిపోయింది. నలుపు నలుపు గదిలో, కలర్ కలర్ గదిలో ఉన్నాయి. ప్లాస్టిక్ టేపు ముక్కేదీ మిగల్లేదు. కొత్త కార్ట్రిడ్జ్ పెట్టగానే ఈ మెసేజ్ వస్తే చూడాల్సింది ఈ టేపునే. కొన్నిటికి అది నాజిళ్లనీ, కనెక్షన్ కలిపే రాగి రంగు చుక్కల్నీ కలిపి కప్పుతుంది, కొన్నిటికి పైన గాలి రంధ్రాన్ని మూస్తుంది. గాలి రంధ్రం మూసుకుని ఉంటే కాసిన్ని పేజీలు వచ్చి ఇంక్ ఆగిపోతుంది. తీసిన టేపుని తిరిగి అంటించకూడదు. దాని జిగురు నాజిళ్లకి పడుతుంది, రంగులు కూడా ఒకదాంట్లోకి ఒకటి పాకుతాయి.

తర్వాత రీసెట్. ఈ ఒక్క పనికి మాత్రం ప్రింటర్ ఆన్‌లో ఉండగానే వెనక నుంచి పవర్ కేబుల్ లాగి, గోడ దగ్గర ప్లగ్ కూడా తీసి, ఒక నిమిషం ఆగి తిరిగి పెట్టాను. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దనుకుని నేరుగా గోడ సాకెట్‌కే ఇచ్చాను. మెసేజ్ పోయింది. కానీ ఇది నయమైనట్టు కాదని నాకు తెలుసు. సాయంత్రం మూడు పేజీలు ఇవ్వగానే మళ్లీ వచ్చింది. ఇక తుడవాల్సిందే.

కార్ట్రిడ్జ్ వెనకవైపు రాగి రంగు చుక్కలున్న పలచని ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. ప్రింటర్లో అది కూర్చునే గదిలో వాటికి సరిగ్గా ఎదురుగా స్ప్రింగ్ పిన్నులుంటాయి. హెడ్‌కి వెళ్లే ప్రతి సంకేతం ఈ చుక్కల మీదుగానే పోవాలి. అడుగున ఉన్న సన్నని పలక నాజిళ్లది, దాన్ని తాకకూడదు. ఒక్క వేలిముద్ర నూనె పడినా నాజిళ్లు మూసుకుపోవచ్చు. కార్ట్రిడ్జ్‌ని పక్కల ప్లాస్టిక్ దగ్గరే పట్టుకోవాలి.

పోగులు రాలని గుడ్డ ముక్క తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపి, నీళ్లు కారకుండా పిండి, చుక్కల మీద మాత్రమే ఒకే దిక్కుకి తుడిచాను. మామూలు కుళాయి నీళ్లు వద్దు, అందులోని ఖనిజాలు ఆరిన తర్వాత పొరగా మిగులుతాయి. టిష్యూ పేపర్ పోగులు పిన్నుల్లో ఇరుక్కుంటాయి. ఇంక్ మొండిగా ఎండి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వాడొచ్చు, అదీ రాగి చుక్కల మీదే. గుడ్డకి నల్లటి మరక అంటింది. చుక్కల వరస కింది భాగంలో, నాజిళ్ల నుంచి పాకి ఎండిపోయిన ఇంక్ ఉందన్నమాట. కంటికి చూస్తే మెరుపు కాస్త తగ్గినట్టు ఉంది అంతే. అంత పలచని పొర చాలు, సంకేతం ఆగిపోవడానికి.

సగం పని ఇంకా మిగిలే ఉంది. చాలామంది కార్ట్రిడ్జ్‌ని తుడిచి ఆపేస్తారు, ప్రింటర్ వైపు పిన్నుల జోలికి పోరు. ప్లగ్ తీసేసి, టార్చి వేసి, గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ పుల్లతో ఆ పిన్నుల్ని పైనుంచి కిందికి మెల్లగా తుడిచాను. అడ్డంగా రుద్దితే పిన్ను వంగుతుంది, వంగితే బాగుచేయడం కష్టం. అక్కడా నలుపు వచ్చింది. రెండువైపులా ఓ పది నిమిషాలు ఆరనిచ్చి, కార్ట్రిడ్జ్‌ని పెట్టి 'టక్' మనేదాకా నొక్కాను. ఆ చప్పుడు రాకపోతే పిన్నులు పూర్తిగా ఆనవు.

ఎర్రర్ రాలేదు. ప్రింటర్ దానంతటదే అలైన్‌మెంట్ పేజీ తీసింది, స్కానర్ మీద పెట్టమంది. పెట్టాను.

ఇంకో పరీక్ష కూడా ఇక్కడ రాసుకుంటున్నాను. రెండు కార్ట్రిడ్జ్‌ల ప్రింటర్లలో ఏది పాడో తేలకపోతే, ఒక్కోదాన్నీ తీసేసి మూత మూసి చూడొచ్చు. కొన్ని మోడళ్లు ఒక్క కార్ట్రిడ్జ్‌తో కూడా ప్రింట్ చేస్తాయి. బ్లాక్ తీసేస్తే మూడు రంగులు కలిపి నలుపు లాంటిది వేస్తాయి. ఏది తీసినప్పుడు ఎర్రర్ పోతుందో దోషం అందులోనే. రెండూ మార్చి మార్చి చూసినా, కొత్తది పెట్టినా ఒకే గది తప్పు చూపిస్తే అప్పుడు ప్రింటర్‌ని అనుమానించాలి.

ఆదివారం

అక్క వాళ్ల ప్రింటర్. ఇక్కడ ట్యాంకులు ఇంక్ డబ్బాలే, హెడ్ ప్రింటర్లో ఉంది. ప్రతి ట్యాంకుకీ ఒక చిన్న చిప్ ఉంటుంది. నేను ఫలానా రంగుని, ఫలానా నంబరుని, నాలో ఇంత ఇంక్ మిగిలింది అని ఆ చిప్ చెబుతుంది. ప్రింటర్ వాడుతున్న కొద్దీ ఆ చిప్‌లోనే లెక్క తగ్గిస్తూ పోతుంది. అందుకే ఒకసారి సున్నా అని రాసేసిన ట్యాంకులో మళ్లీ ఇంక్ నింపినా, చిప్‌ని రీసెట్ చేసేదాకా లేదా మార్చేదాకా ప్రింటర్ దాన్ని ఖాళీగానే చూస్తుంది.

సయాన్ "గుర్తించలేకపోతున్నాం" అన్నది కనెక్షన్ రకమే. నిన్నటి పద్ధతే ఇక్కడా. చిప్ మీది బంగారు రంగు చుక్కల్ని తుడిస్తే గుడ్డ శుభ్రంగానే వచ్చింది. ట్యాంకుని తీసి చూస్తే, అది కూర్చునే గదిలో కాంటాక్ట్ పిన్నుల మీద నీలిరంగు పెచ్చు కట్టి ఉంది. ఎప్పుడో ట్యాంకు మార్చినప్పుడు పడిన చుక్క ఎండిపోయినట్టుంది. తుడిచి పెట్టగానే ప్రింటర్ సయాన్‌ని గుర్తుపట్టింది.

మెజెంటా అలా లొంగలేదు. తుడిచాను, తీసి పెట్టాను, రీసెట్ చేశాను. మెసేజ్ అక్షరం మారలేదు. అసలు ఆ మెసేజ్‌లోనే జవాబు ఉంది. "వాడలేరు" అని చెప్పాలంటే ప్రింటర్ చిప్‌ని చదవగలిగి ఉండాలి. చదివే వద్దంటోంది. కాబట్టి ఇది అనుమతి సంగతి.

అక్కని అడిగాను. "ఆ ట్యాంకు కంపెనీదేనా అక్కా?" "కాదురా, వేరేవాళ్లు చేసిన కంపాటిబుల్‌ది. కానీ ఇన్ని నెలలూ ఇదే కదా వాడాను! ఏ గొడవా లేదు." "మధ్యలో అప్‌డేట్ ఏమైనా అడిగిందా?" "అడిగింది, సరే అని నొక్కాను."

అదే జరిగింది. వేరే తయారీదారుల చిప్‌లున్న ట్యాంకుల్ని ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తర్వాత ప్రింటర్ తిరస్కరించడం కొత్త విషయం కాదు. కొన్ని కంపెనీలు తమ మోడళ్లలో ఇలాంటి ఏర్పాటు ఉందని పత్రాల్లోనే రాస్తాయి. నిన్నటిదాకా పనిచేసిన వస్తువు ఇంట్లో ఎవరూ ముట్టుకోకుండానే పనికిరానిదైపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. కొనేటప్పుడే పెట్టె మీద పెద్ద అక్షరాలతో చెప్పి ఉంటే కొనాలో వద్దో మనమే నిర్ణయించుకునేవాళ్లం.

ఈ గొడవ కోర్టుల దాకా వెళ్లింది. ఇంప్రెషన్ ప్రోడక్ట్స్, లెక్స్‌మార్క్ మధ్య కేసులో అమెరికా సుప్రీంకోర్టు 2017లో తీర్పిచ్చింది. కంపెనీ ఒక కార్ట్రిడ్జ్‌ని అమ్మేశాక దాని మీద పేటెంట్ హక్కు అంతటితో తీరిపోతుందని, దాన్ని రీఫిల్ చేసి మళ్లీ అమ్మేవాళ్ల మీద ఆ పేటెంట్‌తో దావా వేయడానికి వీల్లేదని ఆ తీర్పు సారాంశం. కానీ రీఫిల్ చేసే హక్కు ఉండటం వేరు, ప్రింటర్ ఆ చిప్‌ని ఒప్పుకోవడం వేరు. అక్క ప్రింటర్ ముందు నిలబడ్డ నాకు ఆ తీర్పుతో మెజెంటా పేజీ రాదు.

దారులు ఏమున్నాయో చూశాను. కొత్త ఫర్మ్‌వేర్‌ని ఒప్పించే చిప్‌తో మార్చి ఇమ్మని అమ్మినవాళ్లని అడగొచ్చు. పేరున్న కంపాటిబుల్ తయారీదారులు ఇలా చిప్‌లు మారుస్తూనే ఉంటారు. ఫర్మ్‌వేర్‌ని పాతదానికి తిప్పడం చాలా మోడళ్లలో కుదరదు, తెలియని చోటునుంచి ఫైలు దింపి ఎక్కించే సాహసం నేను చేయను, ప్రింటర్ పూర్తిగా చచ్చిపోయే ప్రమాదం ఉంది. మిగిలింది కంపెనీ ట్యాంకు. అక్కకి పని తొందరగా కావాలి, అందుకని మెజెంటా ఒక్కటి కంపెనీదే పెట్టాం. తీసుకుంది. అమ్మినవాళ్లకి పాత ట్యాంకు వెనక్కి పంపి చిప్ మార్చి ఇమ్మని రాశాను.

తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేశాను. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ప్రింటర్ వైఫై మీద ఉంటుంది, భద్రతా లోపాలకి వచ్చే సవరణలు కూడా ఆ అప్‌డేట్‌లలోనే వస్తాయి. కాబట్టి శాశ్వతంగా ఆపేయడం కాదు, ఏం మారుతోందో చదివి మనమే నొక్కడం అని అక్కకి చెప్పాను.

అక్కడే "కార్ట్రిడ్జ్ ప్రొటెక్షన్" అని ఒక సెట్టింగ్ కనబడింది. కొన్ని ప్రింటర్లలో ఇది ఆన్‌లో ఉంటే, పెట్టిన కార్ట్రిడ్జ్ శాశ్వతంగా ఆ ప్రింటర్‌కే ముడిపడిపోతుంది. ఇంకో ప్రింటర్లో పెడితే "రక్షించబడింది" అని చెప్పి పనిచేయదు. తర్వాత సెట్టింగ్ ఆఫ్ చేసినా అప్పటికే ముడిపడినవి విడిపోవు, ఆ తర్వాత పెట్టేవాటికే స్వేచ్ఛ. ఇంట్లో ఒకే మోడల్ ప్రింటర్లు రెండు ఉన్నవాళ్లు దీన్ని మొదటిరోజే చూసుకోవాలి. ఇంకో ప్రాంతం కోసం అమ్మిన కార్ట్రిడ్జ్ ఇక్కడి ప్రింటర్‌కి సరిపడకపోవడం, నెలనెలా చందా కట్టే ఇంక్ ప్లాన్ ఆపేయగానే ఇంక్ ఉన్నా కార్ట్రిడ్జ్ పనిచేయకపోవడం ఇవి కూడా అనుమతి గుంపులోవే. వీటికి గుడ్డా నీళ్లూ పనికిరావు.

బుధవారం

అక్క ఫోన్ చేసింది. ప్రింటర్ తెర మీద ఏమీ లేదు, కానీ ల్యాప్‌టాప్‌లో మాత్రం మెజెంటా ఎర్రర్ అలాగే ఉందట. ప్రింటర్ నుంచి నేరుగా ఒక కాపీ తీయమన్నాను. వచ్చింది. అంటే ప్రింటర్ బాగుంది, ల్యాప్‌టాప్ పాత కబురునే పట్టుకుని కూర్చుంది. క్యూలో ఆగిపోయిన పాత ఫైళ్లన్నీ తీసేసి, విండోస్ సర్వీసుల్లో, ప్రింట్ పనుల్ని వరసలో పంపే ప్రింట్ స్పూలర్‌ని రీస్టార్ట్ చేయించాను. సరిపోయింది. పోకపోతే ప్రింటర్‌ని లిస్టులోంచి తీసేసి మళ్లీ చేర్చాల్సి వచ్చేది.

వైఫై ప్రింటర్‌కి ఇంకో మంచి సౌకర్యం ఉంది. దాని ఐపీ అడ్రస్‌ని బ్రౌజర్లో టైప్ చేస్తే చాలా మోడళ్లలో ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుంటుంది. ఇంక్ స్థాయి, చిప్ వివరాలు, సెట్టింగులు అన్నీ అక్కడ ఉంటాయి. కంప్యూటర్లోని డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఒకటి చెప్పి ప్రింటర్ ఇంకొకటి చెబితే నేను ప్రింటర్ మాటే వింటాను.

కొన్ని వారాల తర్వాత

మా కలర్ కార్ట్రిడ్జ్ "తక్కువ" అన్నాక కూడా చాలాకాలం నడిచింది. మెసేజ్ "చాలా తక్కువ" అయింది, ఆ తర్వాత "అయిపోయింది, మార్చండి" అంది. అప్పటికీ పేజీలో లోపం లేదు. చివరికి ఈవేళ నాజిల్ చెక్‌లో పసుపు పట్టీ పక్కనుంచి తెల్లబడింది. సయాన్, మెజెంటా నిండుగానే ఉన్నాయి. తూకం చూస్తే, మొదటి హెచ్చరిక నాటికీ ఇప్పటికీ బరువు రెండు గ్రాముల పైచిలుకు తగ్గింది. ఇంత చిన్న కార్ట్రిడ్జ్‌కి అది చాలా పెద్ద వాటా. మొదటి హెచ్చరికకే పారేసి ఉంటే ఆ ఇంకంతా పోయేది.

మూడు రంగులు ఒకే డబ్బాలో ఉండటం వల్ల వచ్చే నష్టం కూడా ఇక్కడే కనబడుతుంది. ఒక్క పసుపు అయిపోతే డబ్బా మొత్తం అయిపోయినట్టు. అందుకే దీన్ని రీఫిల్ చేద్దామనుకున్నాను.

పైన లేబుల్ కింద రంధ్రాలుంటాయి. ఏ రంధ్రం ఏ రంగుదో మోడల్ మోడల్‌కీ మారుతుంది, ఎక్కడో చదివిన క్రమాన్ని నమ్మకుండా ఒక్కో రంధ్రంలోకి ఒక్కో శుభ్రమైన పుల్ల దించి రంగు చూసుకోవాలి. ఆ కార్ట్రిడ్జ్‌కి సరిపడే ఇంకే వాడాలి. ఎప్సన్ హెడ్‌కి చేసిన ఇంక్ వేడితో నడిచే హెడ్‌లో పోస్తే నాజిళ్లు పట్టేయొచ్చు. సిరంజి సూదిని స్పాంజిలోకి దించి, చాలా నెమ్మదిగా నెట్టాను. వేగంగా నెడితే స్పాంజిలో గాలి పొరలు ఉండిపోతాయి. రంధ్రం దగ్గర ఇంక్ మెరుపు కనబడగానే ఆపి, అరచుక్క వెనక్కి లాగాను. పొంగితే పక్క రంగులోకి దిగుతుంది.

తర్వాత తడిపి పిండిన టిష్యూని మడిచి, నాజిళ్ల వైపు దాని మీద ఆనించి, రుద్దకుండా ఎత్తాను. మూడు రంగుల చారలూ పక్కపక్కన విడిగా పడాలి. మొదటి ముద్రలో పసుపు కాస్త ఆకుపచ్చగా పడింది, పక్క రంగు కొంచెం పాకింది. ఇంకో చోట ఆనించి చూస్తే శుభ్రమైన పసుపు వచ్చింది. రాగి చుక్కల్ని తుడిచి, లోపల పెట్టి, ఒక క్లీనింగ్, ఒక నాజిల్ చెక్. నాలుగు పట్టీలూ నిండుగా వచ్చాయి.

ప్రింటర్ మాత్రం ఇప్పటికీ "అయిపోయింది" అనే అంటోంది. అనాలి కూడా, దాని లెక్కలో ఈ ఇంక్ లేదు. మా మోడల్లో ఓకే నొక్కితే ముందుకెళ్తుంది. కెనాన్ మోడళ్లు చాలావాటిలో స్టాప్ బటన్‌ని కనీసం ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆ రంగుకి ఇంక్ లెక్క చూడటం ఆపేసి ప్రింట్ చేస్తాయి. ఇలా చేశాక ఇక నమ్మదగ్గ హెచ్చరికేదీ రాదు కాబట్టి, ప్రతి పేజీనీ మనమే చూసుకోవాలి. రంగు పాలిపోయిన మొదటి పేజీకే ఆగాలి. ఎండిన హెడ్ సంగతి పైన రాశాను. మా ప్రింటర్ పక్కన ఒక కాగితం అంటించాను: కలర్ రీఫిల్ చేసిన తేదీ, అప్పటి బరువు.

అదే రోజు రాత్రి

అక్క వాళ్ల ప్రింటర్ మెజెంటా చిప్ మార్చి పంపుతామని అమ్మినవాళ్లు జవాబిచ్చారు. వచ్చాక చూడాలి.

ఈలోపు దాంట్లో కొత్త మెసేజ్ ఒకటి మొదలైంది: "ఇంక్ ప్యాడ్ జీవితకాలం ముగింపుకి వస్తోంది." అక్క దీన్ని కూడా ట్యాంకుల్లో ఇంక్ అయిపోవడమే అనుకుంది. ఇది ఏ ట్యాంకు సంగతీ కాదు. హెడ్ క్లీనింగ్‌లో బయటికి వదిలిన ఇంక్ అంతా ప్రింటర్ అడుగున ఒక పీల్చే ప్యాడ్‌లోకి చేరుతుంది. ఎంత వదిలిందో ప్రింటర్ దీనికీ లెక్క పెట్టుకుంటుంది, ఆ లెక్క హద్దు దాటగానే పొంగి బయటికి కారకుండా పని ఆపేస్తుంది. కొన్ని మోడళ్లలో ప్యాడ్ మార్చాలంటే సర్వీసు సెంటరుకి ఇవ్వాలి. కొన్నిటికి మనమే మార్చుకునే మెయింటెనెన్స్ బాక్స్ ఉంటుంది. మాన్యువల్ తీసి చూశాను. అక్క మోడల్‌కి వెనకవైపు ఒక స్క్రూతో బిగించిన మూత కింద బాక్స్ ఉంది, కొత్తది ఆర్డర్ పెట్టాం. అది వచ్చేదాకా హెడ్ క్లీనింగ్ బటన్ నొక్కొద్దని, ప్రింటర్‌ని ఎటూ వంచకుండా సమంగా ఉంచమని అక్కకి చెప్పాను.